వ్యాఖ్యాతల చేతి కుంచె

యూదుల ధర్మచర్చల గ్రంథమైన తాల్ముద్ ముద్రిత ప్రతిలో ఏ పుట తెరిచినా మూలపాఠం నడుమ నిలుస్తుంది. దానికి ఒక పక్కన పదకొండో శతాబ్దపు ఫ్రెంచి పండితుడు రాషీ వ్యాఖ్య, మరో పక్కన రాషీ మనవలూ వాళ్ల శిష్యపరంపరా రాసిన తోసఫోత్ అనే వ్యాఖ్యలూ ఉంటాయి. 1520లలో వెనిస్ నగరంలో డేనియల్ బోంబెర్గ్ అనే క్రైస్తవ ముద్రాపకుడు అచ్చువేసిన ప్రతితో స్థిరపడిన ఈ అమరిక నేటికీ పెద్దగా మారలేదు. మనవలు తాతగారి మాటను చాలాచోట్ల ఖండిస్తారు. అయినా తాత మాటను ఎవరూ తీసేయలేదు, మనవల ఖండననూ తీసేయలేదు. చదువరి ఆ ఇద్దరి తగవునూ ఒకే పుటలో భరించవలసిందే. ఆధునిక యూదు అస్తిత్వాన్ని వస్తువుగా తీసుకున్న సమకాలీన కళలో ఏది నిలుస్తుందో, ఏది నిలవదో తేల్చుకోవడానికి నాకు ఈ పుటే కొలబద్దగా కనిపిస్తోంది. ‘నేను యూదుణ్ని’ అని ప్రకటించి ఊరుకునే బొమ్మ ఎంత అందంగా ఉన్నా చొక్కాకు తగిలించుకున్న బిళ్ల మాత్రమే అవుతుందనీ, వారసత్వంగా వచ్చిన పాఠాన్ని ఎదురుగా పెట్టుకుని దాని అంచున కూర్చుని తగవు పెట్టుకున్న బొమ్మే కళగా మిగులుతుందనీ నా వాదన.

యూదు మతంలో బొమ్మలకే చోటు లేదు కదా, ఇక యూదు చిత్రకళ ఎక్కడిది అన్న సందేహం చాలామందికి సహజంగానే వస్తుంది. పది ఆజ్ఞల్లో విగ్రహాన్ని చేసుకోవద్దన్న ఆజ్ఞ ఉన్న మాట నిజమే. కానీ 1932లో సిరియాలో, యూఫ్రటీస్ ఒడ్డున ఉన్న దురా యూరోపోస్‌లో తవ్వకాలు జరిపినవాళ్లకు మూడో శతాబ్దపు సినగాగ్ (యూదుల ప్రార్థన మందిరం) ఒకటి బయటపడింది; దాని గోడల నిండా మోషే, దావీదు, ఎస్తేరు కథల చిత్రాలున్నాయి. 1300 ప్రాంతంలో దక్షిణ జర్మనీలో తయారైన ఒక పస్కా పండుగ పుస్తకంలో మనుషుల ఒళ్లు మనుషులవే గాని తలలు మాత్రం పక్షులవి. అలా ఎందుకు వేశారన్నదాని మీద పండితులు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. ఆజ్ఞకూ కోరికకూ మధ్య ఆ చిత్రకారుడు వెతుక్కున్న సందుగా నేను దాన్ని చూస్తాను. బొమ్మ వేయడమే ఒక వ్యాఖ్యానం కావడం ఆధునికుల కొత్త కల్పన కాదని చెప్పడానికి ఈ పక్షి తలలు చాలు.

ఇరవయ్యో శతాబ్దం నడిమికి వచ్చేసరికి పరిస్థితి వింతగా తయారైంది. న్యూయార్క్ అమూర్త చిత్రకళను ప్రపంచానికి పరిచయం చేసినవాళ్లలో యూదులు ఎందరో ఉన్నారు, వాళ్ల చిత్రాల్లో యూదుతనం మాత్రం పైకి కనిపించదు. నాటి రష్యన్ సామ్రాజ్యంలో, నేటి లాత్వియాలో ఉన్న ద్విన్‌స్క్‌లో 1903లో మార్కస్ రోత్కోవిచ్‌గా పుట్టిన పిల్లవాడు మార్క్ రోత్కోగా పేరు కుదించుకుని రంగుల పొరల్లోకి వెళ్లిపోయాడు. బార్నెట్ న్యూమన్ 1958 నుంచి 1966 దాకా వేసిన 14 చిత్రాల వరసకు క్రీస్తు సిలువ మార్గం పేరు పెట్టాడు. 1966లోనే న్యూయార్క్ జూయిష్ మ్యూజియం మినిమలిజానికి, అంటే అలంకారం లేని సాదా ఆకారాల కళకు, తలుపులు తెరిచిన ‘ప్రైమరీ స్ట్రక్చర్స్’ ప్రదర్శన ఏర్పాటు చేసింది. అదే ఏడాది అదే మ్యూజియంలో విమర్శకుడు హెరాల్డ్ రోజెన్‌బర్గ్ యూదు కళ అంటూ ఒకటి ఉందా అన్న విషయం మీద ప్రసంగించాడు. ముందు యూదు మ్యూజియం కట్టేసి, ఆ తర్వాత యూదు కళ ఉందా అని అడగడం యూదులకే చెల్లిందని చమత్కరించాడు కూడా. ఆయన అసలు మాట మరొకటి: ఇరవయ్యో శతాబ్దపు యూదు కళాకారుణ్ని వేధించినది అస్తిత్వ ప్రశ్న, ఆ వేదన నుంచే వాళ్ల కళ లోతు తెచ్చుకుంది. ఆ మాటలో సగమే నేను ఒప్పుకుంటాను. వేదన ఉంటే చాలదు. ఆ వేదనకు ఎదురుగా ఒక పాఠమో, ఒక గోడో, ఒక మనిషో ఉండాలి.

అదే మ్యూజియం 30 ఏళ్ల తర్వాత, 1996లో, ‘టూ జూయిష్?’ అనే ప్రదర్శన పెట్టింది. ఆ పేరులో వినిపించేది బయటివాళ్ల ద్వేషం కంటే ఇంట్లోవాళ్ల సంకోచమే: ముక్కు మరీ పొడుగ్గా ఉందేమో, గొంతు మరీ పెద్దదేమో, నలుగురిలో మరీ యూదుల్లా కనిపిస్తున్నామేమో అన్న భయం. అందులో చిత్రకారుడు డెనిస్ కార్డన్ కళారంగంలోని 40 మందికి పైగా యూదుల ముక్కులను అచ్చుతీసి, రంగులు పూసి గోడకు వరసగా బిగించాడు. ఏ రెండు ముక్కులూ ఒకలా లేవు. డెబోరా కాస్ మాత్రం యెషివాలో (యూదు మత పాఠశాలలో) చదువుకోవడం కోసం మగపిల్లాడి వేషం వేసుకున్న యెంట్ల్ పాత్రలోని నటి బార్బ్రా స్ట్రైసాండ్‌ను తీసుకుని, చిత్రకారుడు ఆండీ వార్హోల్ గాయకుడు ఎల్విస్‌ను వేసిన పద్ధతిలోనే జంటగా అచ్చువేసి ‘నా ఎల్విస్’ అంది. ముక్కుల గోడ నవ్వించి వదిలేస్తుంది. కాస్ బొమ్మ వార్హోల్‌తోనూ, ఆడవాళ్లకు చదువు వద్దన్న సంప్రదాయంతోనూ ఒకేసారి తగవు పెట్టుకుంటుంది కనుక ఇన్నేళ్ల తర్వాత కూడా పాతబడలేదు.

ఆ ప్రదర్శనలో నా వాదనకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న పని హెలెన్ ఐలాన్‌ది. ఆమె 1931లో బ్రూక్లిన్‌లోని సనాతన యూదు కుటుంబంలో పుట్టింది, 18 ఏళ్లకే ఒక రబ్బీని (యూదు మతగురువును) పెళ్లాడింది, 30 ఏళ్లకు భర్తను పోగొట్టుకుని ఇద్దరు పిల్లలతో మిగిలింది. 1990లో మొదలుపెట్టి ఆరేళ్ల పాటు యూదుల మూల ధర్మగ్రంథమైన తోరాలోని ఐదు పుస్తకాలను పుట పుటా చదువుతూ, ఒక్కో పుట మీద పారదర్శకమైన పలచని తోలు కాగితం పరిచి, దాని మీద గులాబీ రంగు మార్కరుతో గీతలు గీస్తూ పోయింది. స్త్రీని అపవిత్రురాలన్న చోట, ఆమె మొక్కుబడిని తండ్రి గాని భర్త గాని రద్దు చేయవచ్చన్న చోట, శత్రువులను పిల్లాజెల్లాతో సహా చంపమన్న చోట గీత పడింది. స్త్రీ ఉండవలసి ఉండీ లేని చోట మాటల మధ్య ఖాళీ మీద కూడా పడింది. ఇవి దేవుడు చెప్పిన మాటలేనా, లేక దేవుడి నోట మగవాడు పలికించిన మాటలా అన్నది ఆమె ప్రశ్న. అందుకే ఆ పనికి ‘దేవుడి విమోచన’ అని అర్థం వచ్చే పేరు పెట్టింది. విముక్తి కావలసింది ఆ మాటల నుంచి దేవుడికేనని ఆమె ఉద్దేశం.

ఇక్కడ ఆ పలచని కాగితం దగ్గర కాసేపు ఆగాలి. ఐలాన్ గ్రంథం మీద నేరుగా గీత గీయలేదు. తలుచుకుంటే పేజీలు చింపి, కాల్చి, పత్రికల పతాక శీర్షికలకు ఎక్కే పని చేయగలిగేదే. ఆ రోజుల్లో కళారంగంలో అలాంటి పనులకు కొదవ లేదు. ఆమె అలా చేయలేదు, ఎందుకంటే ఆ గ్రంథాన్ని నేల మీద పెట్టకూడదనీ, చేయి జారి పడితే ఎత్తి ముద్దు పెట్టుకోవాలనీ నేర్పిన ఇంట్లోనే ఆమె పెరిగింది. కాగితం పైకెత్తితే మూలం మచ్చలేకుండా ఉంటుంది, దించితే ఆరోపణ పత్రం సిద్ధంగా ఉంటుంది. భక్తినీ ధిక్కారాన్నీ విడదీయలేని ఈ స్థితి బయటివాడికి అబ్బదు. నాస్తికుడికి ఆ కాగితం అవసరం లేదు, ఛాందసుడికి మార్కరు అవసరం లేదు. తర్వాత 1998లో ఆమె 54 ఖాళీ నోటు పుస్తకాలను గోడకు పేర్చి, వాటిని రాషీ గారి భార్యకూ, మధ్యయుగపు యూదు పండితుడు మైమొనిడీస్ గారి భార్యకూ అంకితమిచ్చింది. ఆ ఇల్లాళ్లకు చెప్పవలసింది తప్పకుండా ఉండే ఉంటుందనీ, రాసుకోవడానికి పుస్తకం ఇచ్చినవాళ్లే లేరనీ ఆమె ఫిర్యాదు. ఐలాన్ 2020 ఏప్రిల్‌లో కోవిడ్ కారణంగా న్యూయార్క్‌లో కన్నుమూసింది.

మార్జిన్‌లో రాసుకునే ఈ అలవాటును చిత్రలేఖనంలోకి తెచ్చి అందుకు భారీ మూల్యం చెల్లించినవాడు ఆర్. బి. కిటాయ్. 1932లో అమెరికాలోని ఒహాయోలో పుట్టి, ఓడ కళాసీగా దేశాలు తిరిగి, ఇంగ్లండులో స్థిరపడిన కిటాయ్‌కి ఇంట్లో మతాచారం తెలియదు. నడివయసులో, నాజీలు యూదుల మీద సాగించిన నరమేధం, హోలోకాస్ట్, గురించి చదువుతూ చదువుతూ, తాను యూదుణ్నన్న స్పృహలోకి వచ్చాడు. 1976–79 మధ్య వేసిన ఒక చిత్రంలో రైలు పెట్టెలో ఒంటరిగా, చెవికి వినికిడి యంత్రం పెట్టుకుని కూర్చున్న మనిషి కనిపిస్తాడు. ఎక్కడికి పోతున్నాడో మనకు తెలియదు, అతనికైనా తెలుసో లేదో. 1989లో వెలువరించిన తన మేనిఫెస్టోలో కిటాయ్, చెదరిపోయి బతకడమే ఒక చిత్రకళా పద్ధతి కాగలదని వాదించాడు: రెండు మూడు సమాజాల్లో ఒకేసారి బతికేవాడి బొమ్మలో దృశ్యాలు కూడా రెండు మూడు చోట్ల నుంచి వచ్చి ఒకదానితో ఒకటి పొసగకుండా పడి ఉంటాయి.

‘ఇఫ్ నాట్, నాట్’ (1975–76) చూస్తే ఈ మాట అర్థమవుతుంది. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ ప్రవేశ హాల్లో ఈ చిత్రాన్ని నేత పనిలో గోడంత పెద్దదిగా తయారుచేసి వేలాడదీశారు. అక్కడ నిలబడి పైకి చూసినప్పుడు మొదట కనిపించేవి తాటిచెట్ల లాంటి చెట్లు, నీటిమడుగు, మంటరంగు ఆకాశం. ఏదో విహార స్థలం అనుకుంటాం. పైన ఎడమ మూలలో ఒక కట్టడం ఉంది. అది నాజీల మృత్యుశిబిరం ఆష్విట్జ్ ద్వారమని తెలిశాక కింద పడుకున్నవాళ్లు సేదదీరుతున్నవాళ్లు కారని అర్థమవుతుంది. పుస్తకాల సంచీలు వీపున వేసుకుని మెట్లెక్కే విద్యార్థుల్లో తలెత్తి చూసినవాళ్లు నాకు పెద్దగా కనిపించలేదు, వాళ్లను తప్పుపట్టనూ లేను.

1994లో టేట్ గ్యాలరీ కిటాయ్ జీవితకాలపు కృషిని ప్రదర్శించినప్పుడు ఆయన చాలా చిత్రాల పక్కన తానే రాసిన వ్యాఖ్యలు పెట్టించాడు. లండన్ విమర్శకులు విరుచుకుపడ్డారు. చిత్రాల కంటే ఆ రాతలే వాళ్లకు ఎక్కువ మండించాయి. చేతిలో మెగాఫోను పట్టుకున్న చిన్న మనిషి అని ఒకాయన రాశాడు. ప్రదర్శన ముగిసిన కొద్ది వారాలకే భార్య, చిత్రకారిణి శాండ్రా ఫిషర్ మెదడుకు వచ్చిన ఆకస్మిక జబ్బుతో 47 ఏళ్లకు చనిపోయింది. తనను గురిచూసి కొట్టిన దెబ్బ ఆమెకు తగిలిందని కిటాయ్ చివరిదాకా నమ్మాడు, 1997లో ఇంగ్లండు వదిలి లాస్ ఏంజెలెస్ వెళ్లిపోయాడు, 2007లో మరణించాడు. విమర్శ మనుషులను చంపుతుందన్న ఆయన ఆరోపణను నేను సమర్థించలేను. అయితే బొమ్మ పక్కన మాట ఉండకూడదన్న నియమం ఎవరు పెట్టారన్న ప్రశ్న మాత్రం న్యాయమైనదే. వ్యాఖ్య లేని మూలమే అసంపూర్ణమని భావించే సంప్రదాయం నుంచి వచ్చినవాడిని ‘నోరు మూసుకుని బొమ్మ వెయ్యి’ అనడం అతని మాతృభాషను వదులుకోమనడమే. వ్యాఖ్యానానికి ఇంత గౌరవమిచ్చే లోకం మనకు కొత్త కాదు. కాళిదాసును మల్లినాథసూరి లేకుండా చదువుకున్న పండితుడు మన వైపు ఎవరున్నారు? ‘నామూలం లిఖ్యతే కించిన్నానపేక్షితముచ్యతే’ అని మల్లినాథుడు ప్రతిన పట్టాడు: మూలంలో ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను. కిటాయ్ మొదటి సగాన్ని నిలబెట్టుకున్నాడు గాని రెండో సగం దగ్గర తడబడ్డాడు. ఆయన వ్యాఖ్యల్లో కొన్ని పేర్ల జాబితాల్లా, చదివిన పుస్తకాల ప్రదర్శనలా సాగుతాయి. విమర్శకుల కోపంలో ఆ మేరకు సత్యం ఉంది.

పాఠం అంటే గ్రంథమే కానక్కర్లేదు, వీధి కూడా కావచ్చు. అమెరికన్ కళాకారుడు షిమోన్ అట్టీ 1991లో బెర్లిన్ వెళ్లి, ఒకప్పుడు తూర్పు యూరప్ యూదులు కిక్కిరిసి బతికిన షోయెనెన్‌ఫియెర్టెల్ పేటలో, యుద్ధానికి ముందరి ఫొటోలను రాత్రిపూట అవే ఇళ్ల గోడల మీద, వీలుకాని చోట ఆ పరిసరాల్లోనే, ప్రొజెక్టరుతో పడేలా చేశాడు. ఆల్మ్‌ష్టాట్ వీధిలో బొగ్గుమసి పట్టిన పాత గుమ్మం పక్కన 1930 నాటి హీబ్రూ పుస్తకాల దుకాణం, దాని ముందు నిలబడ్డ మనిషి వెలుతురుగా ప్రత్యక్షమయ్యారు. ఒక చోట ఇంటాయన బయటికి వచ్చి, ఈ ఇంటిని 1938లో తన తండ్రి న్యాయంగానే కొన్నాడని అరిచాడట. 1938లో జర్మనీలో ఒక యూదుడి దగ్గర న్యాయంగా ఇల్లు కొనడం! ఆ కేకతో అట్టీ పని పూర్తయిందని నాకనిపిస్తుంది.

సియోనా బెంజమిన్ విషయంలో నా తూకం కాస్త అటూ ఇటూ ఊగుతుంది. ఆమె 1960లో బొంబాయిలో బెనె ఇస్రాయెల్ అనే భారతీయ యూదు సమాజపు కుటుంబంలో పుట్టింది, క్రైస్తవ బడిలోనూ పార్సీ బడిలోనూ చదివింది, జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో శిక్షణ పొంది అమెరికా వెళ్లి న్యూజెర్సీలో స్థిరపడింది. బెనె ఇస్రాయెల్ వాళ్లు కొంకణ తీరంలో నూనె గానుగలు ఆడించుకుంటూ మరాఠీ మాట్లాడుకుంటూ బతికినవాళ్లు. శనివారం గానుగ ఆపేస్తారు కనుక ఇరుగుపొరుగువారు వీళ్లను ‘శనివార్ తేలీ’లు, అంటే శనివారపు గానుగవాళ్లు, అన్నారు. శుభకార్యం ముందు ఏలీయా ప్రవక్త పేర పళ్లెంలో తీపి అటుకులు, కొబ్బరి, పళ్లు పేర్చి ‘మలిదా’ పెట్టడం వాళ్ల ఆచారం. అమెరికాలో యూదులంటే తూర్పు యూరప్ తెల్లవాళ్లేనన్న అలవాటు బలంగా ఉన్న చోట, ఈ అటుకుల పళ్లెం నుంచి వచ్చిన మనిషిని ‘నువ్వు యూదువెలా అయ్యావు?’ అని అడుగుతూనే ఉంటారు. ఆమె జవాబు నీలి రంగు. ‘ఫైండింగ్ హోమ్’ వరసలో ఆమె వేసిన స్త్రీలందరి ఒళ్లూ కృష్ణుడి మేనిలా నీలమే.

ఆ వరసలో బహుబాహువులతో నిలబడ్డ దేవతలాంటి స్త్రీ చేతులు ఏడు కొమ్మల యూదు దీపస్తంభంగా మారే బొమ్మ ఒకటి బాగా ప్రసిద్ధం. చేతిపని అపురూపం, మొఘల్ సూక్ష్మచిత్రాల అంచుల వంటి అంచులు, మెరుగు. కానీ దాని ముందు నాకు తగవు కనిపించదు. రెండు సంప్రదాయాలూ ఎక్కడా ఒకదాన్నొకటి ప్రశ్నించుకోకుండా పెళ్లి ఫొటోలో నిలబడ్డట్టు నిలబడతాయి. లిలిత్‌ను వేసిన చిత్రం అలా కాదు. ఆదాముకు లోబడి ఉండనని వెళ్లిపోయి దయ్యంగా పేరుపడ్డ ఆ మొదటి స్త్రీకి, మగవాళ్లు కప్పుకునే ప్రార్థన శాలువా కప్పి, మనం చిన్నప్పుడు చదువుకున్న బొమ్మల కథల పుస్తకాల పద్ధతిలో నోటి దగ్గర మాటల బుడగ పెట్టి, వేయేళ్లుగా పగ నిప్పును గుండెల్లో ఆరనివ్వకుండా ఉంచుకున్నానని అనిపించింది సియోనా. రబ్బీల కథకు ఇది సూటి జవాబు. ఒకే చేయి వేసిన ఈ రెండు బొమ్మల మధ్య తేడాలోనే నేను చెప్పదలచుకున్నది ఉంది.

యూదువెలా అయ్యావన్న ప్రశ్న అమెరికన్ల అజ్ఞానం మాత్రమే అనుకోవద్దు. ఇజ్రాయెల్‌కు వలసపోయిన బెనె ఇస్రాయెల్ వాళ్ల పెళ్లిళ్ల విషయంలో తల్లి వైపు వంశాన్ని విచారించాలని అక్కడి రబ్బీ పీఠం 1960ల మొదట్లో ఆదేశించింది. వాళ్లు జెరూసలేంలో ఆందోళనకు దిగాక, 1964లో పార్లమెంటు వాళ్లను అన్ని విధాలా యూదులేనని ప్రకటించవలసి వచ్చింది. మన గుంటూరు ప్రాంతంలో చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో తమను బెనె ఎఫ్రాయిమ్ అని చెప్పుకునే తెలుగు మాదిగ కుటుంబాలు కొన్ని ఉన్నాయి. క్రైస్తవం నుంచి యూదు ఆచారాల వైపు వచ్చి, చిన్న సినగాగ్ కట్టుకుని శనివారం ప్రార్థన చేసుకుంటున్న ఆ కుటుంబాలను ఏ చిత్రకారుడైనా వేస్తే, యూదుతనమూ కులమూ ఒకే పుటలో తగవులాడే బొమ్మ తయారవుతుంది. నాకు తెలిసి అలాంటిది ఇంకా రాలేదు.

కళాకారుణ్ని పుట్టుకతో కట్టేయడమెందుకన్నది బలమైన అభ్యంతరం. బాగ్దాదీ యూదు తల్లికి బొంబాయిలో 1954లో పుట్టిన అనీష్ కపూర్ ఇలాంటి పేరుపట్టీలను మొదటి నుంచీ నిరాకరిస్తూనే వచ్చాడు, అది ఆయన హక్కు. నేను ఎవరినీ కట్టేయమనడం లేదు. తానుగా ఆ విషయాన్ని ఎత్తుకున్న కళాకారుణ్ని మాత్రం, ఎత్తుకున్నాక ఏం చేశావని అడగవచ్చు.

ఆ ప్రశ్నకు ఈ శతాబ్దంలో నాకు దొరికిన గట్టి జవాబు యాయెల్ బర్తానా తీసిన మూడు చిన్న సినిమాలు. ఆమె ఇజ్రాయెల్‌లో పుట్టిన కళాకారిణి. మొదటి దానిలో (2007), శిథిలమైన వార్సా స్టేడియంలో, ఇంచుమించు ఖాళీ బెంచీల ముందు, ఒక పోలిష్ యువకుడు యూదులను తిరిగి రమ్మని వేడుకుంటాడు. 33 లక్షల మంది యూదులు 4 కోట్ల మంది పోలిష్ ప్రజల జీవితాన్ని మార్చగలరని గడ్డి మీద అక్షరాలు పరుస్తారు. 33 లక్షలన్నది యుద్ధానికి ముందు పోలండ్‌లో ఉన్న యూదుల సంఖ్య. రెండో దానిలో నాజీలు యూదులను నిర్బంధించిన ఒకప్పటి గెట్టో స్థలంలో కొత్త కిబ్బుట్జ్ (యూదుల సామూహిక స్థావరం) కడతారు. 1930లలో పాలస్తీనాలో యూదు వలసదారులు రాత్రికి రాత్రి లేపిన గోడా బురుజుల నమూనాయే అది, కానీ ముళ్లకంచె బిగించాక చూస్తే నాజీ శిబిరంలా ఉంటుంది. మూడో దానిలో ఆ యువనాయకుడి హత్య, అంత్యక్రియలు. ఇది పోలండ్ మతిమరుపును ఎత్తిచూపుతోందా, పాలస్తీనాలో యూదు దేశం కోరిన జియోనిస్టుల ప్రచార చిత్రాలను వెక్కిరిస్తోందా, నిజంగానే తిరిగి రావాలని కలగంటోందా అంటే మూడూ చేస్తోంది, ఏ ఒక్కదానికీ లొంగదు. 2011లో వెనిస్ బినాలె అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో పోలండ్ ఈ మూడింటినీ తన జాతీయ పెవిలియన్‌లో ప్రదర్శించింది. పోలిష్ పౌరసత్వం లేని కళాకారిణి ఆ దేశానికి ప్రాతినిధ్యం వహించడం అదే మొదటిసారి.

2024 బినాలె నాటికి గాజా యుద్ధం నడుస్తోంది. ఇజ్రాయెల్ పెవిలియన్‌కు ఎంపికైన రూత్ పతీర్, కాల్పుల విరమణకూ బందీల విడుదలకూ ఒప్పందం కుదిరినప్పుడే తన ప్రదర్శన తెరుస్తానని తలుపు మీద కాగితం అంటించి మూసేసింది. అది చాలదని కొందరు, అది ద్రోహమని కొందరు అన్నారు. నాకు మాత్రం ఆ కాగితం సొంత ప్రభుత్వ భవనం తలుపు మీద సొంత మనిషి రాసిన వ్యాఖ్యగా కనిపించింది. అదే ఏడు జర్మనీ పెవిలియన్‌లో బర్తానా మళ్లీ కనిపించింది, ఈసారి యూదులను పాడైపోయిన భూమి నుంచి తరతరాల ప్రయాణానికి తీసుకుపోయే అంతరిక్ష నౌకతో. కబ్బాలా అనే యూదు మార్మిక సంప్రదాయపు దైవతత్వ పటం ఆకారంలో ఆ నౌకను మలిచింది, హంగు బ్రహ్మాండంగా ఉంది. నన్నడిగితే పోలండ్ సినిమాల ముందు అది తేలిపోతుంది. అక్కడ ఎదురుగా పోలండ్ ఉంది, ఖాళీ బెంచీలున్నాయి, జవాబు చెప్పవలసిన ఒక దేశం ఉంది. నౌక ఎక్కినవాళ్లకు తగవు పెట్టుకోవడానికి భూమి మీద వదిలేసి వచ్చినవాళ్లు తప్ప ఎవరూ లేరు, ఆ వదిలేసినవాళ్లను బర్తానా మనకు చూపించలేదు.